అడవి అంచున పరిశుద్ధ జీవితం: దుమ్ముగూడెం నుంచి దోర్నకల్ వరకు

పరిశుద్ధ జీవితం అనగానే ప్రార్థన, ఉపవాసం, పాపభీతి గుర్తుకు వస్తాయి. ఇవి మనిషి అంతరంగానికి సంబంధించినవి. చరిత్రకారుడికి నేరుగా అందవు. ఆ విశ్వాసం నడవడిలో తెచ్చిన మార్పులే అతడికి ఆధారాలు. ఖమ్మం–భద్రాచలం అటవీ సరిహద్దులోని క్రైస్తవ చరిత్రను ఈ దృష్టితో పరిశీలిద్దాం.

దుమ్ముగూడెం భద్రాచలానికి ఎగువన గోదావరి ఒడ్డున ఉంది. ఎగువ గోదావరిలో పడవల రాకపోకల కోసం 19వ శతాబ్దం మధ్యకాలంలో అక్కడ ఆనకట్ట పనులు సాగాయి. వాటిలో పాల్గొన్న ఇంజనీరు కెప్టెన్ ఎఫ్.టి. హేగ్, చుట్టుపక్కల కోయల మధ్య క్రైస్తవ సేవ జరగాలని ఆశించాడు. అక్కడి ప్రభుత్వోద్యోగి వెంకటరామరాజు క్రైస్తవం స్వీకరించి, కొలువు విడిచిపెట్టి ఆ సేవకు పూనుకున్నాడు. 1871లో ప్రభుత్వం జలరవాణా పథకాన్ని ఆపివేసింది. చర్చి మిషనరీ సొసైటీ వారి కోయ మిషన్ మాత్రం కొనసాగింది. అక్కడ పనిచేసిన జాన్ కెయిన్ భద్రాచలం ప్రాంతం గురించి 1876లో ‘ఇండియన్ ఆంటిక్వరీ’ పత్రికలో రాశాడు. శతాబ్దం ముగిసేలోగా లూకా సువార్త కోయ భాషలో వెలువడింది. మరొకరి భాష నేర్చుకోవడం కూడా ఇక్కడ భక్తిలో భాగమైంది.

అయితే ఇక్కడే ఒక చిక్కు ఉంది. కోయ గూడెంలో భూమి పండుగ ఒక్కరిది కాదు, ఊరందరిది. విత్తనం, వేట, ఇప్పసారా, ఆట, పాట దానితో ముడిపడి ఉంటాయి. సారా మానాలి, వేల్పుల కొలువుకు దూరంగా ఉండాలి అన్న నియమం మిషనరీకి పరిశుద్ధత. గూడేనికి అదే వేరుపడటం. విశ్వాసి ఈ రెండింటి మధ్య నలిగాడు.

ఖమ్మం ప్రాంతపు ఆంగ్లికన్ సంఘాలు చేరిన దోర్నకల్ అధ్యక్ష మండలంలో ఈ ప్రశ్న మరో రూపం దాల్చింది. 1912 డిసెంబరు 29న వి.ఎస్. అజరయ్య ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్‌గా అభిషిక్తుడయ్యాడు. అంతకుముందు, 1910 ఎడిన్‌బరో సభలో, మిషనరీల త్యాగం మాత్రమే చాలదని, భారతీయులకు వారి స్నేహం కావాలని ఆయన కోరాడు. పల్లె సంఘాల్లో మాల, మాదిగల మధ్య ఎడం తొలగాలన్నాడు. ఇంటి ఇల్లాలు వంటకు ముందు పిడికెడు బియ్యం సంఘం కోసం తీసిపెట్టే అలవాటు బలపడింది. కూలి కుటుంబాలు పుచ్చుకునే స్థితి నుంచి ఇచ్చే స్థితికి రావడం ఇందులోని విశేషం. ఇక్కడ పరిశుద్ధత ఊరిని వదిలిపోవడం కాదు, పొరుగువారి కంటబడేలా ఊళ్లోనే బ్రతకడం.

విద్యార్థులు ఒక జాగ్రత్త పాటించాలి. ఈ ఆధారాల్లో అధికభాగం మిషనరీలు, సంఘాలు రాసుకున్నవే. గూడెం మాట వాటిలో తక్కువగా వినిపిస్తుంది. కాబట్టి మౌఖిక సంప్రదాయాలను కూడా జోడించి చదవాలి.

మీ అవగాహనను పరీక్షించుకోండి: దుమ్ముగూడెంలోనూ దోర్నకల్ సంఘాల్లోనూ పరిశుద్ధ జీవితం అన్న భావన పొరుగువారితో సంబంధాన్ని ఎలా ప్రభావితం చేసింది? పది వాక్యాల్లో పోల్చి రాయండి.