చలికి ముందే మారే పొర: కీటకాల కణత్వచంపై పరిశోధనల తీరు

కణాన్ని చుట్టి ఉండే కణత్వచం ఫాస్ఫోలిపిడ్లు అనే కొవ్వు పదార్థాల రెండు వరసలతో ఏర్పడి ద్రవంలా కదలాడుతుంటుందన్న నమూనాను 1972లో సింగర్, నికోల్సన్ ప్రతిపాదించారు. అయితే ఆ కొవ్వుకూ ఉష్ణోగ్రతకూ ఉన్న సంబంధం కీటకాల్లో అంతకు మూడు దశాబ్దాల ముందే బయటపడింది. 1940లో ఫ్రాంకెల్, హాప్ఫ్ అనే శాస్త్రవేత్తలు ఈగల డింభకాలను వేర్వేరు ఉష్ణోగ్రతల వద్ద పెంచి, వెచ్చగా పెరిగినవాటి ఫాస్ఫోలిపిడ్లలో సంతృప్తత ఎక్కువగా ఉందని చూపారు. సంతృప్త కొవ్వు ఆమ్లాల గొలుసులు నిటారుగా ఉండి ఒకదానికొకటి ఆనుకొని సర్దుకుంటాయి. అసంతృప్త గొలుసు ద్విబంధం ఉన్నచోట వంగి ఉండటంతో అంత దగ్గరగా చేరదు. చలికాలంలో నెయ్యి పేరుకున్నా నువ్వుల నూనె కారుతూనే ఉండటానికి కారణం ఇదే.

ఇంత విలువైన ఫలితానికి తగిన కొనసాగింపు చాలాకాలం లేకపోయింది. 1950ల చివర కెనడాలో సాల్ట్ వంటివారు శరీరద్రవాలను గడ్డకట్టనివ్వని గ్లిసరాల్‌పై దృష్టి నిలపడంతో, చలిని తట్టుకోవడమంటే నీటిని అదుపు చేయడమే అన్న భావన బలపడింది. 1974లో సినెన్‌స్కీ, ఇ. కోలై బాక్టీరియా ఏ ఉష్ణోగ్రతలో పెరిగినా తన త్వచపు చిక్కదనాన్ని దాదాపు ఒకే స్థాయిలో నిలుపుకుంటుందని నిరూపించాక త్వచం మళ్ళీ చర్చకు వచ్చింది.

మాంసపు ఈగను కొద్దిసేపు 0 డిగ్రీల వద్ద ఉంచితే, లేకుంటే ప్రాణం తీసే మైనస్ 10 డిగ్రీల చలిని కూడా అది తట్టుకుంటుందని 1987లో లీ, చెన్, డెన్లింగర్ కనుగొన్నారు. అలాంటి స్వల్పకాలపు చలికే దాని త్వచంలో ఒకే ద్విబంధం గల ఓలియిక్ ఆమ్లం సుమారు 30 నుంచి 47 శాతానికి పెరుగుతుందని 2006లో మిషో, డెన్లింగర్ తేల్చారు. అంతకన్నా లోతైన విషయం చెక్ శాస్త్రవేత్త కోష్టాల్ బృందం 2003లో ప్రకటించినది: కైమోమైజా అనే చిన్న ఈగ డింభకాల్లో, పగటి పొద్దు తగ్గి అవి సుప్తావస్థలోకి జారుకునే దశలోనే, అంటే చలి తగలకముందే, త్వచం స్వల్పంగా మారడం మొదలై, చలి తగిలాక ఆ మార్పు మరింత పెరిగింది. కాబట్టి ఇది చలికి కలిగే రసాయనిక ప్రతిస్పందన మాత్రమే కాదు, రాబోయే ఋతువుకు చేసుకునే ముందస్తు సన్నాహం కూడా.

ఆహారానికీ ఇందులో పాత్ర ఉందని 2018లో బ్రాంకాచ్క్ బృందం చూపింది. చల్లని పరిస్థితుల్లో పండ్ల ఈగ డ్రోసోఫిలా ఈస్ట్‌ను వదిలి మొక్కల ఆహారాన్ని ఎంచుకుంటుంది. ఆ ఆహారంలోని అసంతృప్త కొవ్వులే దాని త్వచాన్ని చలిలోనూ బిగుసుకోనివ్వవు.