మెడ మీది నలుపు

పాత స్త్రీల పత్రికలు చదవడానికి మనకో పద్ధతి అలవాటైంది. కథలూ, కవితలూ, వితంతు వివాహం మీదా ఓటుహక్కు మీదా వచ్చిన వ్యాసాలూ ఏరుకుంటాం. వంటల పేజీ వచ్చేసరికి వేళ్లు తొందరపడతాయి. సౌందర్య చిట్కాల దగ్గరైతే మరీను. అవి పితృస్వామ్యం తన అవసరం కోసం నింపుకున్న పేజీలని మనకు ముందే తెలుసు కనుక చదవాల్సిన పని లేదనుకుంటాం. కానీ ఆ పేజీల్లోనే ఒక స్త్రీ తన ఒంటి గురించి నోరు తెరిచి అడుగుతుంది. మొటిమలెందుకు వస్తున్నాయి, మెడ ఎందుకు నల్లబడింది, జుట్టెందుకు రాలిపోతోంది అని. ఎవరో జవాబు చెప్తారు. ఆమె అడిగింది ఒకటి, జవాబు ఇంకొకటి. ఆ రెంటికీ మధ్య ఎడం ఎలా ఏర్పడింది, అందులో ఎవరు వ్యాపారం చేసుకున్నారు అన్నది కూడా స్త్రీల చరిత్రే అని నాకనిపిస్తుంది.

1883లో కందుకూరి వీరేశలింగం 'సతీహితబోధిని' పెట్టారు. ఆయన పుస్తకాల్లో 'దేహారోగ్య ధర్మబోధిని' ఒకటి ఉంది. విషయమంతా పేరులోనే ఉంది. ఒళ్లు బాగా ఉంచుకోవడం ధర్మం. ఎవరి పట్ల ధర్మం అన్నది ఆ కాలపు పాఠకురాలికి విడమరిచి చెప్పనక్కర్లేదు. అయితే సంస్కర్తల దగ్గర ఒక మేలు ఉంది, వాళ్లు ఏ సరుకూ అమ్మలేదు. సలహాతో పాటు సీసా కూడా రావడం తర్వాతి కథ.

ఆ కథలో ముఖ్యమైన పాత్ర డాక్టర్ కె.ఎన్. కేసరిది. ఒంగోలు ప్రాంతం నుంచి చిన్న వయసులోనే మద్రాసు చేరి, ఆయుర్వేద వైద్యం నేర్చి, కేసరి కుటీరం స్థాపించి లక్షలు గడించిన మనిషి. 'చిన్ననాటి ముచ్చట్లు' పేరుతో ఆత్మకథ రాసుకున్నారు. ఆయన మందుల్లో ఇంటింటికీ తెలిసినది 'లోధ్ర'. గర్భాశయ రోగాలకూ, నెలసరి బాధలకూ స్త్రీలు తాగే మందు. 1928లో ఆయన 'గృహలక్ష్మి' మాసపత్రిక ప్రారంభించారు. కనుపర్తి వరలక్ష్మమ్మ 'శారద లేఖలు' వచ్చింది అందులోనే. 1934 నుంచి ఏటా ఒక రచయిత్రికి గృహలక్ష్మి స్వర్ణకంకణం ఇచ్చారు, మొదటిది వరలక్ష్మమ్మకే. అంటే తెలుగు రచయిత్రుల తొలి గౌరవాల్లో ఒకటి స్త్రీల నెలసరి మందు అమ్మిన డబ్బుతో చేయించిన కంకణం. ఇది ఎగతాళికి అనడం లేదు. ఆంధ్రపత్రిక వెనక అమృతాంజనం ఉన్న సంగతి గర్వంగా చెప్పుకుంటాం. కాశీనాథుని నాగేశ్వరరావు 1893లో ఆ మందు మొదలుపెట్టి, 1908లో బొంబాయిలో పత్రిక పెట్టారు. గృహలక్ష్మి వెనక లోధ్ర ఉన్న సంగతి చెప్పుకునేటప్పుడు మాత్రం గొంతు తగ్గిస్తాం. తలనొప్పి పరువైన నొప్పి. తెల్లబట్ట, అధిక రక్తస్రావం పరువైనవి కావు.

లోధ్ర అంటే లొద్దుగ చెట్టు. దాని బెరడు రక్తస్రావాన్ని ఆపుతుందని ఆయుర్వేదం చెప్తుంది. ఇదే చెట్టు కాళిదాసు మేఘదూతంలో వేరే పనికి వస్తుంది. అక్కడ అలకాపురి స్త్రీలు లొద్దుగ పూల పుప్పొడి అద్దుకుని ముఖాలు పాలిపోయినట్టు తెల్లగా చేసుకుంటారు. ఒకే చెట్టు, బెరడు గర్భాశయానికి, పుప్పొడి ముఖానికి. కవి చూపు పుప్పొడి మీద పడింది. బెరడు నూరుకుని తాగిన స్త్రీల సంగతి కావ్యంలోకి రాలేదు. గృహలక్ష్మికున్న విశేషం ఈ బెరడును అచ్చులోకి తేవడమేనంటాను. భద్రలోకపు ఇంటి పత్రికలో స్త్రీల జననాంగాల జబ్బులకు పేర్లు దొరికాయి. పేరు చెప్పినవాడే మందు అమ్ముతున్నాడన్నది దాని రెండో వైపు. రెండూ కలిపే చూడాలి.

సీసాకు పూర్వం ఏముంది? సున్నిపిండి, పసుపు, కుంకుడుకాయ. ఇవాళ వీటిని 'అమ్మమ్మల జ్ఞానం' అని ముచ్చటగా రాస్తున్నారు. ఏ అమ్మమ్మల జ్ఞానం అని అడగబుద్ధవుతుంది. పసుపు పూసుకునే హక్కు ముత్తైదువది. మొగుడు పోయిన రోజున పసుపూ పోతుంది. మా నాయనమ్మ దుగ్గిరాల దగ్గర పల్లెలో పసుపు పండించింది. కొమ్ములు ఉడకబెట్టించి, ఎండబెట్టించి, బస్తాలకెత్తించేది. ఆ చేతులు ముఖానికి తగలకుండా చూసుకునేది, పని కాగానే బూడిదతో తోముకునేది. ఆ ఇంట్లో అందరి చర్మానికీ మంచిదైన పసుపు ఆవిడ చర్మానికి ఎందుకు చెడ్డదో ఎవరూ వివరించలేదు. నలుగు పెట్టుకోవడానికి తీరిక కావాలి, మినుములు కావాలి, చాటు కావాలి. వీధి పంపు దగ్గర తెల్లారకముందే చీర మీద నీళ్లు పోసుకునే స్త్రీకి ఈ మూడూ లేవు.

'ఎండలో ఎక్కువ తిరగకండి' అనే సలహా కూడా అలాంటిదే. ఏ పత్రికలో చూసినా ఉంటుంది. నాట్లు వేసేవాళ్లకీ, మిరపకాయలు కోసేవాళ్లకీ అది సలహా కాదు. వాళ్లు ఆ పేజీ చదువుతారని రాసినవాళ్లు అనుకోలేదు, అంతే. మన దగ్గర రంగు గురించి మాట్లాడుతూ కులం గురించి మాట్లాడకపోవడం ఆ వాక్యంతోనే మొదలవుతుంది.

రంగుల మాటలు కూడా గమనించాలి. తెల్లటి మనిషిని మన ఊళ్లలో 'ఎర్రగా ఉంది' అంటారు. పసిమి ఛాయ, చామనఛాయ, నలుపు అని అంతరాలుండేవి. వివక్ష లేదని కాదు. పెళ్లిచూపుల్లో 'నలుపు నారాయణుడు మెచ్చు' అని ఓదార్చారంటే, మనుషులెవరూ మెచ్చరనేగా! కానీ ఆ మాటల్లో ఎవరి ఛాయ వాళ్లదే, అది మారేదని ఎవరూ అనుకోలేదు. మారుతుందన్న ఆశను అమ్మినవి స్నోలు. 1919లో బొంబాయిలో ఇ.ఎస్. పటన్‌వాలా తయారుచేసిన ఆఫ్ఘన్ స్నో ఎన్నో తెలుగు ఇళ్ల అద్దాల ముందుకు చేరింది. 1952లో టాటాలు లాక్మే పెట్టారు.

అదే 1952లో మాలతీ చందూర్ ఆంధ్రప్రభ వారపత్రికలో 'ప్రమదావనం' మొదలుపెట్టారు. దాదాపు యాభై ఏళ్లు నడిచిన శీర్షిక. వంట, అలంకారం, ఆరోగ్యం, అత్తగారు, ఉద్యోగం, అన్నిటి మీదా ఉత్తరాలొచ్చేవి. మన విమర్శకులు ఆవిడ నవలల్ని పట్టించుకున్నంతగా ఈ శీర్షికను పట్టించుకోలేదు. తన పేరు తెలియని ఊరి నుంచి ఒక గృహిణి మరో స్త్రీకి కార్డు రాసి ఒంటి సంగతి అడగటం, దానికి మర్యాదగా, వెక్కిరింపు లేకుండా జవాబు రావడం ఆ రోజుల్లో తక్కువ విషయం కాదు.

1975లో హిందుస్తాన్ లీవర్ ఫెయిర్ అండ్ లవ్లీ తెచ్చింది. ఈ క్రీము గురించి స్త్రీవాదులు చాలా రాశారు. కొడుకు లేడని తండ్రి విచారిస్తే, కూతురు క్రీము రాసుకుని తెల్లబడి ఎయిర్ హోస్టెస్ ఉద్యోగం తెచ్చుకునే ప్రకటన మీద ఐద్వా పోరాడింది. 2003లో అలాంటి ప్రకటనలు ఆపాల్సి వచ్చింది. అదే 2003లో గోగు శ్యామల సంపాదకత్వంలో దళిత స్త్రీల సాహిత్య సంకలనం 'నల్లపొద్దు' పేరుతో వచ్చింది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చదివినవాళ్లు అప్పుడు తక్కువ. 2020లో కంపెనీ 'ఫెయిర్' మాట తీసేసి 'గ్లో' అని పెట్టుకుంది. డబ్బాలో మందు పెద్దగా మారకుండానే మాట మారొచ్చు.

ఆ మందు సంగతి మాత్రం మనం పెద్దగా మాట్లాడుకోలేదు. ఆ క్రీములో ముఖ్యమైన పదార్థం నియాసినమైడ్, బి3 విటమిన్ రూపం. చర్మంలో తయారైన మెలనిన్ పైకణాలకు చేరకుండా అది కొంత అడ్డుపడుతుంది. ఈ విటమిన్ ఒంట్లో తక్కువైతే పెల్లాగ్రా అనే జబ్బు వస్తుంది. విరేచనాలవుతాయి, మతి చెదురుతుంది. ఎండ తగిలిన చోటల్లా, చేతుల మీదా పాదాల మీదా మెడ చుట్టూ, చర్మం నల్లగా మాడి పగిలిపోతుంది. మెడ చుట్టూ పట్టెడలా వచ్చే ఆ నలుపును 18వ శతాబ్దపు స్పెయిన్ వైద్యుడి పేరుతో 'కాసల్ హారం' అంటారు. మన దక్కనులో ఈ జబ్బు జొన్నలే తిండిగా బతికిన పేదలకు వచ్చేది. 1950ల చివర్లో కూనూరు నుంచి హైదరాబాదుకు తరలివచ్చిన పోషకాహార పరిశోధన సంస్థలో సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతయ్య దీని మీద పనిచేశారు. జొన్నల్లో ఎక్కువగా ఉండే లూసిన్‌కీ ఈ జబ్బుకీ సంబంధం ఉందని 1960లో ప్రతిపాదించారు. దాని మీద తర్వాత వాదాలు నడిచాయి. కానీ పప్పూ పాలూ మాంసమూ కొనలేక జొన్నసంకటి ఒక్కటే తిన్నవాళ్ల జబ్బు ఇది అన్నదానిలో వాదం లేదు.

ఒకే విటమిన్. అది తిండిలో దొరకక కూలి మనిషి మెడ నల్లబడుతున్న దశాబ్దాలలోనే, తెల్లబడటానికి ట్యూబులో పెట్టి అమ్మారు. ఇందులో కుట్ర ఉందని అనను. సైన్సు ఒకటే, కొనగలిగేవాళ్లు వేరు. పోషకాహార పుస్తకంలోని కాసల్ హారం బొమ్మ ఒకసారి ఎం.ఏ. క్లాసులో చూపించాను. సీరం సీసాల మీద నియాసినమైడ్ శాతాలు చదివి కొనే పిల్లలు. మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చిన ఒకమ్మాయి, 'మా అవ్వకి ఇట్లనే ఉండె మేడం, సరిగ్గ రుద్దుకోదని మా అమ్మ కొట్లాడేది' అంది.

రుద్దుకోమనడం మన సలహాల పేజీలన్నిటికీ ఆయువుపట్టు. మెడ నల్లబడిందని రాస్తే నిమ్మచెక్కతో రుద్దమంటారు, శనగపిండి పెట్టమంటారు. ఈ కాలంలో మెడ వెనకా చంకల్లోనూ ముఖమల్‌లా మందంగా వచ్చే నలుపు చాలాసార్లు ఇన్సులిన్ సరిగా పనిచేయడం లేదని ఒళ్లు చెప్పే కబురు. చక్కెర వ్యాధికి ముందుమాట, పీసీఓఎస్ ఉన్న అమ్మాయిల్లో తరచు కనిపించే గుర్తు. నిమ్మచెక్కతో పోయేది కాదు, పుండు పడేది. బుగ్గల మీద మంగు కాన్పుల వల్లా గర్భనిరోధక మాత్రల వల్లా రావచ్చు. బొట్టుబిళ్ల కింద తెల్లమచ్చ పడితే ఆ జిగురులోని రసాయనం కారణం కావచ్చు. దాన్ని బొల్లి అని దాచిపెట్టి పెళ్లిళ్లు ఆపుకున్న ఇళ్లున్నాయి. ఇంకా అన్యాయం రక్తహీనతది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ల స్త్రీలలో ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం రక్తహీనులు. రక్తం తగ్గి పాలిపోయిన పిల్లను చూసి 'రంగు తేలావే' అని మెచ్చుకోవడం నేను పెళ్లిళ్లలో విన్నాను. కనురెప్ప లోపలి ఎరుపు చూడాలని, నాలుక చూడాలని ఏ బ్యూటీ పేజీలోనూ నాకు కనపడలేదు. అది అన్వేషి వాళ్లు తొంభైల మొదట్లో తెచ్చిన 'సవాలక్ష సందేహాలు' లాంటి పుస్తకాల్లో ఉంటుంది. అక్కడ స్త్రీలు స్త్రీలకే చెప్పారు, సీసా లేకుండా. ఆ పుస్తకాన్ని మన సాహిత్య చరిత్రలో ఎక్కడ పెట్టామో వెతికి చూడండి.

సీసా ఉన్నవైపు జరుగుతున్నది ఇది. స్టెరాయిడ్ కలిసిన ఆయింట్‌మెంట్లు మెడికల్ షాపులో అడిగితే చాలు, ఇచ్చేసేవారు. ముఖం మొదట తేటబడుతుంది, తర్వాత చర్మం పలచబడి ఎర్రబడి మండుతుంది, మానేస్తే ఇంకా రేగుతుంది. మా పిన్ని ఆరేళ్లు ఆ క్రీము మానలేక వాడింది. 2018లో ఇలాంటి పద్నాలుగు మందుల్ని చీటీ లేకుండా అమ్మకూడదన్నారు. పాదరసం కలిసిన క్రీములు ఇంకో దారిన వస్తున్నాయి. కేరళలోని కొట్టక్కల్‌లో 2021 జూలై నుంచి 2023 సెప్టెంబరు మధ్య ఒకే రకం కిడ్నీ జబ్బుతో వచ్చిన 22 మందిని వైద్యులు పరీక్షించారు. పదిహేను మందిలో అరుదైన ఒక గుర్తు కనిపించింది, ఆ పదిహేనులో పదముగ్గురు తెల్లబడే క్రీములు వాడినట్టు చెప్పారు. ముఖానికి రాసింది మూత్రపిండాలకు చేరింది.

ఒక మనవి. గ్రంథాలయాల్లో పాత పత్రికలు బైండు చేసేటప్పుడు చాలాచోట్ల అట్టలూ ప్రకటనల పేజీలూ చింపేశారు. వేటపాలెం సారస్వత నికేతనం లాంటి చోట్ల దొరికేవాటి కోసం తిరుగుతున్నాం. మీ ఇళ్లలో అమ్మమ్మల ట్రంకుపెట్టెల్లో అట్టలతో సహా గృహలక్ష్మి గానీ, ఆంధ్రప్రభ వారపత్రికలు గానీ, వాటికి రాసి పంపని ఉత్తరాలు గానీ ఉంటే పాతకాగితాల వాడికి వేయకండి. ముందు వెనక పేజీలు ఫోటో తీసి ఉంచండి, కథలున్న పేజీలు ఆ తర్వాత.