కాలిఫోర్నియాలో పుట్టిన చైనా సలాడ్

నూనె బాగా కాగాక ముందు ఒక్క పోగు వేసి చూడమంది మా చిన్నాన్న కూతురు. దారంలా సన్నగా, గాజులా గట్టిగా ఉన్న బియ్యం సేమ్యా పోగు అది. మూకుట్లో పడీ పడగానే మెలికలు తిరిగి, నాలుగింతలై, మల్లెపూవంత తెల్లగా పైకి తేలింది. ఇంకో క్షణం ఉంచితే మాడిపోతుందని తనే చిల్లుల గరిటెతో తీసేసింది.

"ఇది వడియమే కదే!" అన్నాను.

"వడియమేనక్కా. కాకపోతే పప్పులోకి కాదు, చికెన్ సలాడ్‌లోకి."

కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో వాళ్లింట్లో ఆ రోజు పాట్‌లక్. తలా ఒక వంట తెస్తారు. గుత్తివంకాయ, పులిహోర, బిర్యానీ వరసలో ఓ పెద్ద గాజు గిన్నె నిండా సన్నగా తరిగిన ఆకులు, చేత్తో చీల్చిన కోడిమాంసం, కమలా తొనలు, బాదం పలుకులు, పైన ఈ తెల్లటి పొంగు. దాన్ని అక్కడ చైనీస్ చికెన్ సలాడ్ అంటారు. చైనా వాళ్లు ఇలా తింటారా అని అడిగితే పక్కింటి చైనా ఆవిడ నవ్వేసి, తను కూడా దీన్ని మొదటిసారి తిన్నది అమెరికాలోనేనంది. ఆ నవ్వు దగ్గరే నాకు దీని పుట్టుపూర్వోత్తరాల మీద ఆసక్తి పుట్టింది.

పచ్చి ఆకు తినడం చైనా వంటలో పెద్దగా లేని అలవాటు. పొలాలకు మనుషుల మలాన్నే ఎరువుగా వేసిన దేశం అది. కూర ఏదైనా నిప్పు మీద ఒక తిప్పు తిప్పనిదే నోట్లో పెట్టకూడదన్న జాగ్రత్త తరతరాలుగా వంటింట్లో స్థిరపడిపోయింది. లెట్యూస్‌ను కూడా వాళ్లు వెల్లుల్లితో వేయించుకుంటారు. అలాగని చల్లటి వంటలు లేవనుకోకూడదు. లియాంగ్‌బాన్ అని ఓ పెద్ద కుటుంబమే ఉంది. ఉడికించి చల్లార్చినదాన్ని సోయా, వెనిగర్, నువ్వుల నూనెతో కలిపి వడ్డించేవన్నీ అందులోకే వస్తాయి. సిచువాన్‌లో బాంగ్ బాంగ్ చికెన్ ఉంది. బాంగ్ అంటే కర్ర. ఉడికిన మాంసాన్ని కర్రతో కొట్టి వదులు చేసి, పోగులుగా చీల్చి, నువ్వుల ముద్ద, మిరపనూనె పోస్తారు. దక్షిణాన కాంటన్ వాళ్లకు 'సౌ సీ గై' ఉంది. చేత్తో చీల్చిన కోడి అని అర్థం. అమెరికాకు మొదట వలస వెళ్లిన చైనీయుల్లో ఎక్కువమంది ఆ కాంటన్ వైపు వాళ్లే. కాబట్టి ఈ సలాడ్‌లో కోడికి చైనా వంశవృక్షం ఉంది. పేచీ అంతా ఆకుతోనే.

ఆకు కాలిఫోర్నియాది. శాన్‌ఫ్రాన్సిస్కోకు దక్షిణాన సలీనాస్ లోయ ఉంది. అమెరికా సలాడ్ గిన్నె అని దాని ముద్దుపేరు. అక్కడి చిత్తడి నేలల్లో నీళ్లు తోడి సాగులోకి తెచ్చిన కూలీల్లో పందొమ్మిదో శతాబ్దపు చైనీయులున్నారు. తరవాతి రోజుల్లో ఆ లోయ లెట్యూస్ ఐస్ ముక్కల మధ్య రైలెక్కి న్యూయార్క్ దాకా వెళ్లేది. సలాడ్‌ను పక్కన పెట్టే పచ్చడిలా కాకుండా పూర్తి భోజనంగా తినడం కూడా ఆ ప్రాంతం ముచ్చటే. 1924లో సరిహద్దుకు అవతల, మెక్సికోలోని టిజువానాలో సీజర్ కార్డీని అనే ఇటలీ వలసదారు చేసిన సీజర్ సలాడ్‌కు గిరాకీ తెచ్చింది ఇవతలి నుంచి వెళ్లిన కాలిఫోర్నియా వాళ్లే. అమెరికాలో మద్యనిషేధం రోజులు మరి, తాగడానికి వెళ్లి సలాడ్ తిన్నారు. హాలీవుడ్‌లో కాబ్ సలాడ్ 1930లలో వచ్చింది. ఆకూ మాంసమూ కలిసిన పెద్ద పళ్లేనికి అలవాటుపడిన ఆ ఊళ్లో చైనా హోటల్ పెట్టుకున్నవాడు ఏం చేస్తాడు?

అసలు అన్ని చైనా హోటళ్లు ఎందుకొచ్చాయన్నదీ ఒక కథే. 1882లో అమెరికా ఒక చట్టం చేసి చైనా కూలీలు దేశంలోకి రాకుండా తలుపు మూసేసింది. వర్తకులకు మాత్రం మినహాయింపు. 1915లో ఒక కోర్టు తీర్పు హోటల్ యజమానులను కూడా వర్తకుల్లో చేర్చింది. చైనా వెళ్లి అయినవాళ్లను వెంట తెచ్చుకోవాలంటే హోటల్ పెట్టడం ఒక దారైంది. వంట మీద మక్కువతోనే అందరూ మూకుడు పట్టుకున్నారనుకుంటే పొరపాటు. ఆ చట్టం 1943 దాకా రద్దు కాలేదు. అప్పటికే చాప్ సూయ్ అనే కలగూరగంపను చైనా వంటగా అమెరికా వాళ్లు మరిగారు.

రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక కాలిఫోర్నియాలో కాస్త డాబైన చైనా హోటళ్లు మొదలయ్యాయి. పాలో ఆల్టోలో 1956లో తెరిచిన మింగ్స్‌కు ఈ చికెన్ సలాడే పేరు తెచ్చిపెట్టింది. అయినా కథల్లో ఎక్కువగా వినిపించే పేరు మేడమ్ వూ.

సిల్వియా వూ 1915లో చైనాలో పుట్టారు. లాస్ ఏంజిలస్ చేరాక, ఎక్కడ చూసినా చాప్ సూయ్ తప్ప తన ఎరికలోని తిండి కనపడక, 1959లో శాంటా మోనికాలో విల్‌షైర్ బులెవార్డ్ మీద మేడమ్ వూస్ గార్డెన్ తెరిచారు. సినిమావాళ్లు వరస కట్టారు. వాళ్లలో కేరీ గ్రాంట్ ఒకరు. ఆయన ఇంకెక్కడో తిన్న చికెన్ సలాడ్ గురించి చెప్పి, అలాంటిది చేసిపెట్టమని అడిగారట. ఆవిడ చేశారు. అది హోటల్‌కే ముద్రగా నిలిచింది. 1998లో మూసేదాకా ఆ వంట కోసమే వచ్చేవాళ్లు ఉండేవారు. ఆవిడ 2022లో, 106 ఏళ్ల వయసులో పోయారు.

ఈ కథ చెప్పేవాళ్లు సాధారణంగా ఇక్కడ ఆగి, సలాడ్ తల్లి మేడమ్ వూ అని తేల్చేస్తారు. కథను మళ్లీ చదవండి. గ్రాంట్ దాన్ని 'ఇంకెక్కడో' తిన్నారు. అంటే ఆవిడ గుమ్మంలోకి వచ్చేసరికే అది నడక నేర్చిన పిల్ల. ఆవిడ పెంచారు, పేరు తెచ్చారు, నలుగురికీ పరిచయం చేశారు. కన్నది మాత్రం ఆవిడ కాదు. పేరు రాసిపెట్టుకోని ఏ కాంటన్ వంటవాడో, మధ్యాహ్నం మిగిలిన సౌ సీ గైని ఆకుల మీద పరిచి, బల్ల దగ్గర కూర్చున్న అమెరికా గిరాకీ ముందు పెట్టి ఉంటాడని నా ఊహ. ఊహే, సాక్ష్యం అడగొద్దు.

1983లో దీనికి మరో మలుపు. ఆస్ట్రియా నుంచి వచ్చిన వుల్ఫ్‌గాంగ్ పుక్ అనే షెఫ్ అదే శాంటా మోనికాలో చినోయా ఆన్ మెయిన్ తెరిచి, తన తరహా చికెన్ సలాడ్ పెట్టాడు. నాపా క్యాబేజీ, సోయా, బియ్యపు వెనిగర్, నువ్వుల నూనె, వీటికి తోడు ఘాటైన ఆవపొడి. నాకు ఈ ఆవ దగ్గర ప్రాణం లేచొచ్చింది. ఆవపెట్టిన పులిహోర తెలిసిన నాలుకకు దీని కిటుకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఆవాలను చల్లటి నీళ్లతో నూరితేనే ఆ ముక్కుకెక్కే ఘాటు పుడుతుంది. పొయ్యి మీద పెడితే చచ్చిపోతుంది. అందుకే మన అమ్మమ్మలు ఆవముద్దను దించాకే కలిపేవారు. సలాడ్‌కు పొయ్యే లేదు కాబట్టి ఘాటు చెక్కుచెదరదు.

హోటళ్ల నుంచి ఇది ఇళ్లలోకి దిగింది మాత్రం డబ్బాల పుణ్యమాని. కరకరలాడే వేయించిన నూడుల్స్‌ను డబ్బాల్లో అమ్మిన లా చోయ్ కంపెనీని డెట్రాయిట్‌లో 1920లలో పెట్టింది చైనా వాళ్లు కాదు. వాలీ స్మిత్ అనే అమెరికన్, ఇల్హాన్ న్యూ అనే కొరియన్, యూనివర్సిటీ స్నేహితులు. తరవాత జపాన్ వంతు. 1958లో మొమొఫుకు ఆండో కనిపెట్టిన ఇన్‌స్టంట్ నూడుల్స్ అమెరికాకు చేరాక, ఆ ఇటికెను ఉడికించకుండా పచ్చిగానే నలిపి క్యాబేజీలో కలిపేశారు. పాట్‌లక్‌లకు అంత సులువైన వంట ఇంకోటి లేదు. మ్యాగీని పచ్చిగా నలిపి మసాలా చల్లుకు తినే మన బడిపిల్లలకు చెబితే, ఇందులో కొత్తేముందంటారు.

కమలా తొనలూ డబ్బాలోవే. ఒకప్పుడు జపాన్ నుంచి వచ్చేవి, ఇప్పుడు ఎక్కువగా చైనా నుంచి వస్తున్నాయి. అమెరికాలో వాటిని మాండరిన్ అంటారు. చైనా ప్రభుత్వ అధికారులకు పోర్చుగీసువాళ్లు పెట్టిన పేరది. పోర్చుగీసుకు మలయా భాష నుంచి, మలయాకు సంస్కృతం నుంచి వెళ్లింది. మూలపదం మంత్రి. చైనా పేరు పెట్టుకున్న అమెరికా సలాడ్‌లో మన మంత్రిగారు ముక్కలై తేలుతున్నారన్నమాట.

పేరు మీద గొడవా లేకపోలేదు. ఈ సలాడ్‌కు ఏషియన్ అనీ, ఓరియంటల్ అనీ పేర్లు పెట్టి పెద్ద హోటళ్ల గొలుసులు అమ్ముకున్నాయి. నాలుగు కమలా తొనలు, రెండు చుక్కల సోయా పడగానే ఒక ఖండం మొత్తం పళ్లెంలోకి వచ్చేసినట్టేనా అని 2017లో బానీ సూయ్ అనే రచయిత్రి న్యూయార్క్ టైమ్స్‌లో నిలదీశారు. అడిగిందాంట్లో న్యాయం ఉంది. అయితే ఈ విషయంలో మనం మరీ వేలు చూపించలేం. ముంబైలో క్రికెట్ క్లబ్ వంటగదిలో 1975లో నెల్సన్ వాంగ్ అల్లం, వెల్లుల్లి, పచ్చిమిర్చి వేయించి, గరం మసాలాకు బదులు సోయా పోసి చికెన్ మంచూరియన్ చేశాడు. దాని గోబీ పిల్ల ఇవాళ మన ప్రతి సందు చివరా బండి మీద 'మంచూరియా'గా కూర్చుంది. మంచూరియాలో అడిగితే ఎవరికీ తెలియదు. రెండు వంటలదీ ఒకటే జాతకం: గిరాకీ ఏదో కొత్తది కావాలన్నాడు, వలస కుటుంబపు వంటవాడు తనకు తెలిసిన సోయాతో వాడికి నచ్చేది చేశాడు. అది మోసం కాదు, బతుకుతెరువు. చైనాది కాదని దీన్ని చిన్నచూపు చూసేవాళ్లతో నాకు పేచీ అందుకే.

ఊరొచ్చాక నేనూ చేశాను. మొదటిసారి తప్పింది నూనె దగ్గర. నువ్వుల నూనె అన్నారు కదా అని పచ్చళ్లలోకి వాడే గానుగ నూనె పోశాను. సలాడంతా ఆవకాయ జాడీ మూత తీసిన వాసన. చైనా వంటకు వాడేది బాగా వేయించిన నువ్వుల నుంచి తీసిన ముదురు రంగు నూనె. అది దొరక్కపోతే రెండు చెంచాల నువ్వులు దోరగా వేయించి, కచ్చాపచ్చాగా దంచి, వేరుశనగ నూనెలో కలిపితే సరిపోతుంది.

నలుగురికి అరకిలో బోన్‌లెస్ బ్రెస్ట్ ముక్కలు చాలు. మునిగేంత నీళ్లలో ఉప్పు, రెండు అల్లం చెక్కలు వేసి, సన్నటి సెగ మీద పది నిమిషాలు ఉడికించి, పొయ్యి ఆర్పి, మూత పెట్టి ఇంకో పావుగంట వదిలేయాలి. గలగలా మరగబెడితే మాంసం పీచవుతుంది. మధ్యలో కోసి చూసి, గులాబీ రంగు లేదని తేల్చుకుని, గోరువెచ్చగా ఉండగానే పోగు వాటం చూసుకుంటూ చేత్తో చీల్చాలి. కత్తితో కోసిన ముక్కకు పులుసు పట్టదు, చీల్చినదాని గరుకు అంచులకే పడుతుంది. సౌ సీ అన్న మాట ఊరికే రాలేదు.

సగం క్యాబేజీ, ఒక క్యారెట్, నాలుగు ఉల్లికాడలు ఎంత సన్నగా వీలైతే అంత సన్నగా తరిగి, పది నిమిషాలు చన్నీళ్లలో వేసి, గుడ్డ మీద పూర్తిగా ఆరబెట్టుకోవాలి. తడి ఉంటే పులుసు పలచనైపోతుంది. ఇక పులుసంటారా, మూడు చెంచాల వెనిగర్, రెండు సోయా, రెండు ఆ నువ్వుల నూనె, చెంచాన్నర పంచదార, అర చెంచా ఆవముద్ద, కాస్త అల్లం రసం సీసాలో పోసి గిలకొట్టడమే. వేయించిన బాదం లేకపోతే పల్లీలు. డబ్బా తొనలు నాకు నచ్చలేదు, మరీ తీపి. గింజలు తీసిన మన కమలా తొనలే నయం.

అన్నీ కలిపి, చివరగా ఆ తెల్లటి పొంగును చేత్తో నలిపి పైన చల్లి, ఒక్క తిప్పు తిప్పి బల్ల మీద పెట్టాను. మా ఆయన ఫోన్లో ఉన్నారు. "వచ్చాక తింటాలే" అని చెయ్యి ఊపారు.

"వచ్చాక మెత్తబడుతుంది, ఇప్పుడే తినాలి" అన్నాను.

ఫోన్ పెట్టేసి వచ్చి, ఒక గుప్పెడు నోట్లో వేసుకుని నమిలి, "ఇంతా చేసి ఇది ముంత మసాలానే కదే" అన్నారు. ఉల్లిపాయ, నిమ్మరసం, మరమరాలు డబ్బాలో గిలకొట్టి, పొట్లం చేతికిస్తూ వెంటనే తినెయ్యమని తొందరపెట్టే మా వీధి బండి అతను గుర్తొచ్చాడు. రెండోసారి కూడా పెట్టించుకున్నారు.