ఓడ దిగిన బేరం

1888 సెప్టెంబరు 4న బొంబాయిలో 'క్లైడ్' అనే ఓడ ఎక్కిన ఒక కుర్రాడు లండన్ చేరాక డైరీ రాయడం మొదలుపెట్టాడు. అందులో ఇప్పుడు కొన్ని పేజీలే మిగిలాయి. బారిస్టరు చదువుకు వెళ్తున్న ఆ కుర్రాడు మోహన్‌దాస్ గాంధీ. రాజకీయాలింకా దరిదాపుల్లో లేవు. తన వెనక వచ్చే వాళ్లు దారిలో మోసపోకూడదన్న ఆత్రం మాత్రం ఆ పేజీల నిండా ఉంది.

పోర్ట్ సయీద్‌లో దిగగానే దుబాసీలు వెంటపడతారు, అక్కర్లేదని గట్టిగా చెప్పేయమంటాడు. అక్కడి కాఫీ హోటల్లో సంగీతం ఉచితమన్నారు. తీరా పాట అయ్యాక ఒకావిడ రుమాలు కప్పిన పళ్లెంతో అందరి ముందుకూ వచ్చింది. ఆరు పెన్నీలు వేయక తప్పలేదు. ఇటలీలోని బ్రిండిసి రేవులోనైతే నల్లవాళ్లు కనబడితే చాలు, తార్పుడుగాళ్లు చేరతారట. వాళ్లకు భయపడొద్దు, పోలీసును అడగాలి. లేదా థామస్ కుక్ లాంటి ప్రయాణ ఏజెంట్ల పెద్ద భవనంలోకి, బయట రాసిన పేరు చదువుకుని మరీ వెళ్లాలి. చిక్కులో ఉన్నానని అక్కడి మనిషికి చెప్పాలి. ఇదీ ఆయన చెప్పిన ఉపాయం.

రేవులో ఊరివాడు దోచేస్తాడన్న భయం, కంపెనీ బోర్డు కనబడితే కలిగే ధైర్యం. తీర పర్యటనల వ్యాపారం నూటముప్పై ఏళ్లకు పైగా ఈ రెండింటి మీదే నడుస్తోంది. ఇవాళ క్రూయిజ్ ఓడలో టూరు కొనాలా, సొంతంగా మాట్లాడుకోవాలా అని తర్జనభర్జన పడేవాళ్లు సొంత ఏర్పాటును కొత్త తెగువగా అనుకుంటారు. నిజానికి అదే పాత పద్ధతి. మధ్యలో వచ్చి చేరింది కంపెనీయే.

గాంధీ ఎక్కిన 'క్లైడ్' లాంటి ఓడల పని టపానూ మనుషులనూ గమ్యం చేర్చడం. దారిలో బొగ్గు నింపుకోవడానికి ఆగేవి. ఆ బొగ్గు మసిలో కూర్చోలేక ప్రయాణికులు ఊళ్లోకి పోయేవాళ్లు. ఎక్కడికి వెళ్లారు, ఎంత ఇచ్చారు అన్నది కంపెనీకి పట్టేది కాదు. ఏడెన్‌లో పడవల చుట్టూ ఈదుతూ, విసిరిన నాణేల కోసం నీళ్లలో మునిగే పిల్లలు, పోర్ట్ సయీద్‌లో ఓడెక్కి చొక్కాల్లోంచి కోడిపిల్లల్ని తీసే 'గల్లీ గల్లీ' గారడీవాళ్లు, పడవవాళ్లు, బండివాళ్లు, దుబాసీలు అందరూ ఆ కాసేపటి తీరిక మీదే బతికారు.

కేవలం విహారం కోసం నడిపిన ఓడల్లోనూ మొదట్లో ఇదే వరస. 1867 జూన్‌లో న్యూయార్కు నుంచి 'క్వేకర్ సిటీ' అనే ఆవిరి ఓడ మధ్యధరా తీరాలకు బయల్దేరింది. టికెట్టు 1,250 డాలర్లు, ఆ రోజుల్లో చిన్న మొత్తం కాదు. అయినా ఒడ్డున తిరగడానికయ్యే ఖర్చు ప్రయాణికుడిదే. ఎవరి జట్టు వాళ్లు కట్టుకుని, ఎవరి గైడును వాళ్లు బేరమాడుకునేవాళ్లు. ఆ ఓడలో మార్క్ ట్వేన్ ఉండబట్టి ఆ బేరాల భాగోతం మనదాకా వచ్చింది. పారిస్‌లో కుదుర్చుకున్న గైడు లూవ్ర్ మ్యూజియానికని తీసుకెళ్తూ దారిలో పట్టు దుకాణం ముందు బండి ఆపించాడు. ఆ తర్వాత మరో పట్టు దుకాణం, ఇంకో పట్టు దుకాణం. ఇవాళ తాజ్‌మహల్ చూడబోయి పాలరాతి దుకాణంలో తేలినవాడికి కమీషన్ వాసన పట్టడానికి క్షణం చాలు.

గ్రీసులో పిరేయస్ రేవు చేరేసరికి అధికారులు పదకొండు రోజుల క్వారంటైన్ విధించారు. అంతకాలం ఆగలేక వెళ్లిపోవడానికి కెప్టెన్ సిద్ధపడ్డాడు. ఏథెన్స్ దాకా వచ్చి అక్రోపొలిస్ చూడకుండా పోవడమా? ట్వేన్, మరో ముగ్గురు ఆ రాత్రి చిన్న పడవలో దొంగచాటుగా ఒడ్డుకు చేరారు. పట్టుబడితే జైలే. దారి పొడుగునా తోటల్లో ద్రాక్ష గుత్తులు కోసుకుంటూ, కాపలావాళ్లు తరిమితే జారుకుంటూ కొండెక్కారు. ద్వారం దగ్గర కావలివాళ్ల చేతులు తడిపి వెన్నెల్లో పార్థెనాన్ చూశారు. తెల్లారేలోగా ఓడ చేరుకున్నారు. సొంత పర్యటనల చరిత్రలో ఇంతకంటే సొగసైన అల్లరి పని దొరకడం కష్టం.

మధ్యలో కంపెనీ ఎలా దూరిందో చూడాలంటే నేపుల్స్ వెళ్లాలి. అక్కడ దిగినవాడు వెసూవియస్ అగ్నిపర్వతం చూడందే కదలడు. బూడిదలో కాళ్లు కూరుకుపోయే ఆ చివరి ఏటవాలు ఎక్కించడం స్థానిక గైడుల జీవనాధారం. నడవగలిగినవాళ్లకు పట్టీ అందించి లాగేవారు, నడవలేనివాళ్లను కుర్చీలో మోసేవారు. 1880లో కొండ మీదికి తాళ్లతో లాగే రైలు వచ్చింది. 'ఫునికులి ఫునికులా' అనే పాట పుట్టింది ఆ రైలు మీదే. నడిపినవాళ్లు నష్టపోయాక 1880ల చివర్లో దాన్ని థామస్ కుక్ సంస్థ కొనేసింది. కుక్ కొడుకు జాన్ మేసన్ కుక్ లెక్కల మనిషి, రేటు అందరికీ ఒకటే ఉండాలంటాడు. గైడులు ఊరుకోలేదు, ఎక్కే ప్రతి మనిషి మీదా తమ వాటా రావాలన్నారు. స్టేషను తగలబెట్టారు, తాడు తెంపారు, ఒక పెట్టెను లోయలోకి తోసేశారు. చివరికి వాళ్లకు కొంత ముట్టజెప్పి కుక్ రాజీ కుదుర్చుకున్నాడు. ఆ రైలును 1906 విస్ఫోటనం ధ్వంసం చేసింది. మళ్లీ కడితే 1944 విస్ఫోటనం మిగల్చలేదు.

గైడులను దొంగలనడం తేలిక, అప్పటి యాత్రికులు అన్నారు కూడా. కానీ తరాలుగా తమదనుకున్న కొండ మీద ఎవరో వచ్చి టికెట్లు అమ్ముతుంటే చూస్తూ ఊరుకొమ్మంటే ఎలా?

ఓడ, ఒడ్డు ఒకే కార్యక్రమంలో కలిసిపోవడం 1891లో స్పష్టంగా కనబడుతుంది. చలికాలంలో అట్లాంటిక్ దాటేవాళ్లు తగ్గి ఓడలు ఖాళీగా పడి ఉంటున్నాయని హాంబర్గ్ ఓడల కంపెనీ అధికారి ఆల్బర్ట్ బాలిన్ 'ఆగస్టా విక్టోరియా'ను 241 మందితో మధ్యధరాకు పంపాడు, తానూ ఎక్కాడు. ఒడ్డున తిప్పి చూపించడమూ ఆ యాత్రలో భాగమే. 1922 నవంబరులో కునార్డ్ వారి 'లకోనియా' ప్రపంచయాత్రకు బయల్దేరే నాటికి ఆ ఓడను అద్దెకు తీసుకున్నది అమెరికన్ ఎక్స్‌ప్రెస్. అంటే టూరు అమ్మేవాడి చేతికే ఓడ వచ్చింది.

ఆపై వచ్చిన మలుపు ఇంకా చిత్రం. 1977లో నార్వేజియన్ అనే క్రూయిజ్ కంపెనీ బహామాస్‌లో గ్రేట్ స్టిరప్ కే అనే దీవినే తన ప్రయాణికుల కోసం ప్రత్యేకించుకుంది. బేరమాడే పడవవాడు లేడు, దుబాసీ లేడు. సముద్రం, ఇసుక, కొబ్బరినీళ్ల కొట్టు అన్నీ కంపెనీవే. మరోవైపు టికెట్టు చవకయ్యేకొద్దీ ఆదాయం ఓడలోపలి అమ్మకాల మీదికి మళ్లింది. కార్నివాల్ సంస్థ 2023 రాబడిలో దాదాపు మూడో వంతు టికెట్లది కాదు. బారు, కసీనో, తీర పర్యటనల వంటి వాటిది. ఓడలో దొరికే టూరు ధరలో ఊరి బస్సువాడికి ఎంత పోతుందన్నది ప్రయాణికుడికి తెలియదు. తీరంలోని వ్యాపారాల నుంచి ఓడ తీసుకునే డబ్బు సంగతి బయటపెట్టాలంటూ 2006లో అలాస్కా ఓటర్లు చట్టమే చేసుకోవాల్సి వచ్చింది.

అదే సమయంలో ఇంటర్నెట్ పాత దుబాసీకి కొత్త బోర్డు ఇచ్చింది. రేవులో చెయ్యి పట్టుకు లాగాల్సిన పని తప్పింది. ఆరు నెలల ముందే ఇంట్లో కూర్చుని అతణ్ణి కుదుర్చుకోవచ్చు, పాత బేరాలు అతని గురించి ఏమన్నాయో చదువుకోవచ్చు. ధర తక్కువ, బండిలో నలభై మంది ఉండరు. ఓడ కంపెనీ చేతిలో ఒక్క తురుపుముక్క మిగిలింది. మా టూరు ఆలస్యమైతే ఓడ ఆగుతుంది, మీ టూరైతే ఆగదు. ఇది ఉత్త బెదిరింపు కాదు. 2024 మార్చిలో పశ్చిమాఫ్రికా తీరంలోని సావో టోమే దీవిలో ప్రైవేటు టూరుకు వెళ్లిన ఎనిమిది మంది 'నార్వేజియన్ డాన్' ఓడకు ఆలస్యంగా వచ్చారు. కోస్ట్ గార్డు పడవలో లంగరేసిన ఓడ దాకా వెళ్లినా ఎక్కనివ్వలేదు. దేశాలు మారుతూ గాంబియా చేరితే, పోటు చాలక ఓడ అక్కడి రేవుకు రాలేదు. ఆఖరికి సెనెగల్‌లో అందుకున్నారు.

ఈ లెక్క ఇప్పుడు మన ఒడ్డుకూ వచ్చింది. విశాఖ రేవులో క్రూయిజ్ టెర్మినల్ 2023లో ప్రారంభమైంది, మరుసటి ఏడు ఏప్రిల్‌లో 'ది వరల్డ్' అనే విదేశీ ఓడ వచ్చి ఆగింది. పొద్దున దిగి సాయంత్రానికి ఎక్కేయాల్సినవాడు కురుసుర జలాంతర్గామి, కైలాసగిరి, సింహాచలం తీరిగ్గా చూసుకోవచ్చు, దానికి ఒక టాక్సీ చాలు. బొర్రా గుహలంటేనే చిక్కు. పొద్దున్నే వెళ్లే కిరండూల్ రైలు దొరకదు. ఘాట్ రోడ్డు మీద పోనూ రానూ కలిపి కనీసం ఐదారు గంటలు, గుహలో మరో గంట. అనంతగిరి మలుపుల్లో ఒక లారీ చెడిపోయి అడ్డం నిలబడితే, తీసుకెళ్లిన డ్రైవరు ఎంత మంచివాడైనా చేయగలిగిందేమీ లేదు.