మామయ్య కడుతున్న పెనుకొండ

మా మామయ్య ఎనిమిదేళ్ళుగా పెనుకొండ రైల్వే స్టేషను కడుతున్నాడు. కంగారు పడకండి, కాంట్రాక్టేమీ కాదు. హిందూపురంలో మిద్దె మీది గదిలో, కాలు విరిగిన డైనింగు టేబులు మీద, శుభలేఖల అట్టలతో, అగ్గిపుల్లలతో, చీపురుపుల్లలతో కడుతున్నాడు. బి.పి. మాత్రలు అయిపోతే ఆ అట్ట అత్తయ్య పారేయటానికి వీల్లేదు. వెనకాల రేకు ఒలిచి, దువ్వెన మీద పరిచి గోటితో నొక్కితే గూడ్సు షెడ్డుకి ముడతల రేకు తయారు!

ఇది వయసు మీద పడ్డాక వచ్చిన పిల్లచేష్ట అనుకునేదాన్ని. నేను బి.ఏ.లో చదివిన చరిత్రలో పెనుకొండ అంటే 1565లో తళ్ళికోట యుద్ధం తర్వాత విజయనగర ప్రభువులు వచ్చి తలదాచుకున్న రాజధాని. గగనమహలూ, కోట బురుజులూ. ఆ కొండ పక్కనించి కూత వేసుకుంటూ పోయే బండిక్కూడా ఒక చరిత్ర ఉంటుందని ఏ లెక్చరరూ చెప్పలేదు.

1892-93 నాటికి గుంతకల్లు నుంచి ధర్మవరం, పెనుకొండ, హిందూపురం మీదుగా మైసూరు సరిహద్దు దాకా సదరన్ మరాఠా రైల్వే వారు మీటరు గేజి లైను వేశారు. 1908లో అది మద్రాసు రైల్వేతో కలిసింది. 1951లో దక్షిణ రైల్వే అయింది. 1977లో గుంతకల్లు డివిజనుతో పాటు దక్షిణమధ్య రైల్వేకి పోయింది. 1980ల మొదట్లో చిన్న పట్టాలు పీకి పెద్దవి వేశారు. ధర్మవరం నుంచి పాకాల వెళ్ళే లైను మాత్రం 2010కి కాస్త అటూ ఇటూ దాకా చిన్న గేజి మీదే నడిచింది. నా చిన్నతనంలో ధర్మవరంలో దిగితే ఒక పక్క పెద్ద బండి, ఇంకో పక్క దాని తమ్ముడిలా చిన్న బండి కనబడేవి.

ఆ తమ్ముడంటే మామయ్యకి ప్రాణం. కొట్లో దొరికే బొమ్మ రైలు కొనుక్కోవచ్చు కదా అన్నాను. "ఏమ్మా, కథలు రాస్తావు, ఇంత తెలీదా?" అని కసిరాడు. కొట్లో దొరికేవి విదేశాల బళ్ళు. వాటి పట్టాల మధ్య ఎడం 16.5 మిల్లీమీటర్లు. అసలు బండిని 87 వంతులు తగ్గిస్తే మన పెద్ద గేజికి 19 మిల్లీమీటర్ల పైచిలుకు కావాలి. మీటరు గేజికి పదకొండున్నర చాలు. అంటే ఆ బొమ్మ రైలు మన పెద్దన్నకీ సరిపోదు, తమ్ముడికీ సరిపోదు. అందుకని పట్టా మొదలు పెట్టె దాకా అన్నీ చేత్తో చేసుకోవలసిందే.

ధర్మవరం పక్కన నిమ్మలకుంటలో తోలుబొమ్మల వాళ్ళు హనుమంతుణ్ణి మనిషంత ఎత్తున కోస్తారు. అక్కడి దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ కూడా వచ్చింది. వాళ్ళు పెంచుతారు, మామయ్య కుదిస్తాడు. రెండూ కళ్ళు పొడుచుకునే పనులే.

ఈ పిచ్చి మామయ్య ఒక్కడిదే కాదట. లండన్‌లో 1910లోనే ఇలాంటివాళ్ళు ఒక క్లబ్బు పెట్టుకున్నారు. 1920లలో ఆస్ట్రేలియా నుంచి రాయ్ ఇంగ్లండ్ అనే కుర్రాడు (ఇంటిపేరు చూశారా!) ఇంగ్లండు వచ్చి, అక్కడి పల్లెల్లో పాత పూరిళ్ళు రూపం మారిపోతుంటే చూడలేక వాటిని అట్టలతో కట్టడం మొదలుపెట్టాడు. పెండన్ అనే మ్యూజియం అట్లా పుట్టింది. మన దేశంలో పుణేలో జోషీగారి బుల్లి రైళ్ళ మ్యూజియం 1998లో తెరిచారు. మామయ్య అక్కడికి వెళ్ళొచ్చి వారం రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. అసూయ కాబోలు.

గూడ్సు పెట్టెలు పన్నెండు చేశాడు. తలుపు గొళ్ళేనికి గుండుసూది, బ్రేకు గొట్టానికి కరెంటు తీగ మీది తొడుగు. పక్కన తెల్లరంగుతో రైల్వే పేరు అక్షరాలు. దక్షిణ రైల్వే కాలంనాటి స్టేషన్లో వేరే రైల్వేల అక్షరాలేమిటని తప్పు పట్టబోయాను. గూడ్సు పెట్టెలు దేశదిమ్మరులనీ, ఏ రైల్వే పెట్టె ఎక్కడైనా తేలుతుందనీ నాకే పాఠం చెప్పాడు.

ఒకరోజు వీధిలో పెద్దాయన ఒకాయన, ఒకప్పుడు గ్యాంగుమన్‌గా చేసినాయన, మిద్దెక్కి వచ్చాడు. వంగి వంగి చూశాడు. "సామీ, అంతా బాగుండాది గానీ, నీ బండికి రెండు మూతులేంది? చిన్న గేజికి నడిమధ్యన ఒకటే గదా ఉండేది!" అన్నాడు.

మామయ్య మొహంలో నెత్తురు చుక్క లేదు. నిజమే. పెద్ద గేజి పెట్టెలకి అటూ ఇటూ రెండు బఫర్లు, మధ్యలో మరతో బిగించే గొలుసు. మీటరు గేజికి మధ్యన ఒక్కటే బఫరు, దానికే కొక్కెం. చిన్నప్పుడు రోజూ చూసినవాడే, నలభై ఏళ్ళు పెద్ద గేజి చూసీ చూసీ మరిచిపోయాడు. రెండు వారాలు మిద్దె ఎక్కలేదు. తర్వాత బ్లేడు తీసుకుని ఒక్కో పెట్టె మూతీ కోయటం మొదలుపెట్టాడు. కంటి శుక్లాల ఆపరేషను వాయిదా వేసుకుని మరీ!

ఇక స్టేషను. ఆనాటి కొలతలు చెప్పే కాగితం మామయ్యకి ఎక్కడా దొరకలేదు. మాకున్నదల్లా ఒక్క ఫోటో. 1976లో అమ్మని అత్తారింటికి పంపేటప్పుడు ప్లాట్‌ఫారం మీద తీసింది. తలుపు పక్కన నాన్న నిటారుగా నిలబడి ఉన్నారు. నాన్న ఎత్తు తెలిస్తే తలుపెత్తు తెలుస్తుంది, తలుపుని బట్టి గోడ, గోడని బట్టి కప్పు. నాన్న పోయి పదేళ్ళయింది. అమ్మని అడిగితే "అయిదడుగుల ఏడంగుళాలు" అంది, తడుముకోకుండా. మామయ్య "అంత లేడక్కా బావ" అన్నాడు. అమ్మ రెండు రోజులు తమ్ముడితో మాట్లాడలేదు.

బొమ్మలో ఆ తేడా ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. కానీ నలభై అడుగుల గోడ దగ్గరికి వచ్చేసరికి అసలు లెక్కలో అడుగు పైన తేడా పడుతుంది! చివరికి నేనే నాన్న సర్వీసు రిజిస్టరు వెతికి తీశాను. పుట్టుమచ్చల పక్కనే ఎత్తు రాసి ఉంది. అయిదడుగుల అయిదంగుళాలు.

మామయ్య ఆ కాగితం చూసి, మడిచి, నాకే ఇచ్చేశాడు. స్టేషను రిజిస్టరు లెక్క ప్రకారమే కడుతున్నాడు. అమ్మకి మాత్రం "నువ్వు చెప్పిందే కరెక్టు అక్కా" అని చెప్పాడు. అమ్మ మొన్న దసరాకి వెళ్ళి, ఆ బుల్లి తలుపు పక్కన వేలు ఆనించి చూసి, "సరిగ్గా ఇక్కడిదాకా వచ్చేవారు" అంది.

అమ్మ ఈ పత్రిక చందాదారు. ఈ వారం సంచిక పోస్టులో పోతే బాగుండును.