చిత్రము చూపిన దారి

పూర్వము ప్రయాణికునకు దారి చెప్పినది మాటయే. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నెలలో చెన్నపట్టణమునుండి కాశీకి బయలుదేరి, 1831 సెప్టెంబరులో తిరిగివచ్చెను. మజిలీకి మజిలీకి నడుమ దూరమెంత, బసకు సత్రమున్నదా, నీరు మంచిదా, అంగళ్లలో ఏమి దొరకును అనునవి ఆయన ఓపికతో వ్రాసియుంచెను. 1838లో అచ్చయిన ఆ యాత్రాచరిత్ర పఠితకు కన్నులపండువు చేయుటకన్న, వెనుక వచ్చువాడు దారిలో ఇక్కట్లపాలు గాకుండ చూచుటయే ముఖ్యమని తలచినది.

తరువాత రైలు వచ్చెను. 1864లో జోలారుపేట నుండి బెంగుళూరు దండు వరకు పడిన ఇనుపదారి కుప్పము మీదుగనే పోయినది. 1920, 1930 దశకములలో రైల్వేలవారు రంగురంగుల గోడపత్రములతో దేశాటనమునకు జనులను పిలిచిరి. పేరుమోసిన కట్టడములకు ఆ భాగ్యము దక్కెను గాని, కుప్పము వంటి స్టేషనుకు గోడపత్రమెవరు వేయింతురు?

నేడు ఆ పని యంత్రము చేయుచున్నది. 1994లో అమెరికాలోని గ్రూప్‌లెన్స్ పరిశోధకులు, అభిరుచులు కలిసిన పాఠకులను జతపరచి ఒకరు మెచ్చినదానిని మరియొకరికి సూచించు పద్ధతిని ప్రకటించిరి. 2012లో టొరాంటో విద్వాంసుల యంత్రము ఛాయాచిత్రములలోని వస్తువులను గుర్తించు పోటీలో తక్కినవానిని చాల వెనుకకు నెట్టెను. ఈ రెండు విద్యలును నేడు కలిసినవి. మనము ఏ చిత్రము కడ నిలిచితిమో కనిపెట్టి, దానిని అంకెల వరుసగా మార్చి, ఆ అంకెలకు చేరువైన తావులను యంత్రము మన ముందుంచును. ఉదకమండలపు మంచును నాలుగుమార్లు చూచినవానికి మదనపల్లె చెంత నాలుగువేల అడుగులకు పైబడిన హార్స్‌లీ కొండలను చూపుట దానికెంత పని!

శ్రమ తగ్గుటను మేము కాదనము. కాని కడప కలెక్టరు హార్స్‌లీ వేసవి విడిది కట్టుకొనక మునుపు అది ఏనుగు మల్లమ్మ కొండ; మల్లమ్మ ఛాయాచిత్రములో కానరాదు. 1919లో రవీంద్రుడు మదనపల్లె కళాశాలలో విడిసి 'జనగణమన'ను ఆంగ్లీకరించిన ముచ్చటను ఆ భవనపు గోడల బొమ్మ చెప్పజాలదు. అంతకన్న చిక్కు వేరొకటి గలదు. పలువురు తీసిన చిత్రమే పలువురకు కనబడును. కనబడినదే మరల తీయబడును. ఈ సుడిలో చేరని ఊరిలో పూటకూళ్లమ్మ పొయ్యికి సయితము పని యుండదు.

పుంగనూరు సంగతి చూడుడు. 2024 సంక్రాంతి సందర్భమున ప్రధానమంత్రి తన నివాసమున పొట్టి పుంగనూరు ఆవులకు మేత పెట్టిన చిత్రములు దేశమంతట వ్యాపించినవి. ఎత్తు సుమారు మూడడుగులైన ఆ ముద్దుజాతిని చూడ నెవరికి మనసు కాదు? చిత్రమును, పేరును నమ్మినవాడు నేరుగా పుంగనూరు చేరును. రైలులో పోదమన్న ఆ ఊరికి రైలు లేదు. మదనపల్లె రోడ్డు స్టేషనులో దిగినను మదనపల్లె ఊరే ఇంకను కొన్ని మైళ్లు. ఇంతకును ఆ జాతిని పోషించి కాపాడుచున్న పశుపరిశోధనా కేంద్రమున్నది పలమనేరులో.