పండ్రెండు చిహ్నముల వర్గపరీక్ష

^(^1|11\1)*$

పై పంక్తిలోనివి 12 చిహ్నములు మాత్రమే. ఇచ్చిన సంఖ్య పరిపూర్ణవర్గమగునో కాదో పర్ల్ అను కంప్యూటరు భాషలో ఈ చిన్న కోడ్ తేల్చివేయునని తెలిసినపుడు నాకు కలిగిన విస్మయానందములు నేటికిని తగ్గలేదు. ఏలయన ఇందు గుణకారము లేదు, భాగహారము లేదు, వర్గమూలము ప్రసక్తియే లేదు. వ్రాతలో ఒకానొక అమరికను వెదకుటకు మాత్రమే ఏర్పడిన రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ అను సాధనమిది. సంఖ్య ఎంతయో అన్ని ఒకట్లను వరుసగా వ్రాసి దీని ముందుంచినచో, తొలుత ఒక్క ఒకటిని గ్రహించును. అటుపిమ్మట ప్రతి పర్యాయమును, క్రిందటిసారి గ్రహించినదానికంటె రెండు ఒకట్లను అధికముగా గ్రహించుచు పోవును. 1, 3, 5, 7 అని ఇట్లు సాగి, ఒకట్లన్నియు సరిగా చెల్లిపోయినచో అది వర్గసంఖ్య. కొన్ని మిగిలినచో కాదు.

బేసిసంఖ్యలను వరుసగా కూడిన వర్గములే వచ్చునన్న ఈ సత్యము అతిప్రాచీనమైనది. చుక్కలను చతురస్రముగా పేర్చి గ్రీకులు దీనిని కన్నులార చూచిరి. రాష్ట్రకూట ప్రభువైన అమోఘవర్షుని కాలమున, 9వ శతాబ్దిలో, మహావీరాచార్యుడు తన గణితసారసంగ్రహమున వర్గము కట్టు విధములను చెప్పుచు, ఒకటి మొదలుకొని రెండేసి చొప్పున పెరుగు శ్రేఢిని సంకలనము చేయుటయు నందొక విధమని పేర్కొనెను. ఆ గ్రంథమునే పావులూరి మల్లన తెనుగు పద్యములలోనికి తెచ్చెను. లెక్కల శాస్త్రమును స్వభాషలో ఛందోబద్ధముగా చదువుకొను భాగ్యము మనవారికంత పూర్వమే లభించినదని తలచినపుడెల్ల నా మనస్సు పొంగును. పీసా నగరవాసియైన లియోనార్డో 1225లో వర్గములపైననే ప్రత్యేకముగా ఒక గ్రంథము రచించి, ఈ బేసిసంఖ్యల ధర్మమునే దానికి పునాదిగా చేసికొనెను.

అచ్చటినుండి నాలుగు శతాబ్దములు దాటి, తులూజ్ నగరమున న్యాయసభలో ఉద్యోగియైన పియేర్ ద ఫెర్మా సన్నిధికి పాఠకులను తీసికొనిపోవుచున్నాను. నా మక్కువ యంతయు నచ్చటనే యున్నది. 1643 ప్రాంతమున వ్రాసిన ఒక లేఖలో ఆయన 2027651281 అను సంఖ్యను కారణాంకములుగా విడదీసి చూపెను. దీనికి మించిన సమీప వర్గముల నొక్కొక్కటిగా గైకొని, వానినుండి ఈ సంఖ్యను తీసివేసి, వచ్చిన శేషము తానును వర్గమగునేమో చూచుట ఆయన పద్ధతి. 45030 వర్గమునుండి తీసివేయగా 49619 వచ్చును. చివర 19 ఉన్న సంఖ్య వర్గము కాజాలదు. కావున మూలము తీయు శ్రమ లేకయే దానిని త్రోసివేయవచ్చును. తరువాతి శేషమునకై మరల వర్గము కట్టనక్కరలేదు. 90061ని కలిపిన చాలును. అటుపై 90063, అటుపై 90065. ఇవి బేసిసంఖ్యలే కదా! ఇట్లు పండ్రెండు శేషములు వచ్చును. వాని తుది జంటాంకెలు వరుసగా 19, 80, 43, 08, 75, 44, 15, 88, 63, 40, 19, 00. వీనిలో వర్గమునకు తగిన తుదులు 44, 00 అను రెండే. తక్కిన పదియును చూపుమాత్రముననే తొలగిపోవును. 499944 అను ఆరవ శేషము మాత్రము క్షణకాలము ఆశపెట్టును. అయితే 707 వర్గము 499849, తరువాతి వర్గము 501264. కావున అదియు కాదు. పండ్రెండవది 1040400, ఇది 1020 వర్గము. ఆ పండ్రెండవ పర్యాయమున తీసికొన్నది 45041 వర్గము గనుక, 45041 నుండి 1020 తగ్గించియు, దానికి కలిపియు చూడగా 44021, 46061 అను కారణాంకములు చేతికి వచ్చును. కాగితము, కలము, సంఖ్యాస్వభావ పరిజ్ఞానము తప్ప వేరు సాధనమేదియు లేని మానవుడు పది అంకెల సంఖ్యను భేదించిన ఈ తీరును నేనెన్నిమారులు తిరిగి లెక్కించి చూచుకొన్నను తనివి తీరదు.

అటుపిమ్మట కథను వేగముగ నడిపింతును. గౌస్ 1801లో వెలువరించిన మహాగ్రంథమున ఈ తొలగింపు పద్ధతిని శాస్త్రీయముగా విస్తరించెను. 1926లో బర్కిలీయందు డి. హెచ్. లేమర్, సైకిలు గొలుసులను కూర్చి, పనికిరాని సంఖ్యలను వడపోయు యంత్రమును నిర్మించెను. 1946లో ఫిలడెల్ఫియాయందు లోకమునకు ప్రదర్శింపబడిన ఎనియాక్ మహాయంత్రము సైతము వర్గమూలములను బేసిసంఖ్యల వ్యవకలనముతోనే సాధించెను.

పిదప ప్రోగ్రామర్లలో కోడ్ గోల్ఫ్ అను వినోదము పుట్టినది. పనిని అత్యల్ప చిహ్నములతో నెరవేర్చినవాడే విజేత. వర్గపరీక్షకు పైథాన్ భాషలో సంఖ్య ప్రక్కన **.5%1 అని ఆరు చిహ్నములు చేర్చుట వారికి పరిపాటి. మూలము తీసి, భిన్నభాగము మిగిలెనా లేదా అని చూచుట దీని అంతరార్థము. కాని యంత్రము దశాంశములను కొంతమేరకే నిలుపుకొనును. 8099999999999999ని దీనికొసగి చూడుడు: తొమ్మిది కోట్ల వర్గమునకు ఇది ఒకటి తక్కువ, అయినను మూలము సరిగా తొమ్మిది కోట్లేయని యంత్రము సవరించుకొని, వర్గమేయని తీర్పు చెప్పును. చివరనున్న 99ని చూచిన మాత్రముననే ఫెర్మా దీనిని త్రోసివేసియుండును. ఈ లోపమును తొలగించు మార్గముగా, పూర్ణాంక వర్గమూలమును నిర్దుష్టముగా ఇచ్చు సాధనము 2019లో వెలువడిన 3.8వ పైథానునందు చేర్పబడినది.

సంక్షిప్తతను నేను నిందింపను. ఆ పండ్రెండు చిహ్నముల పంక్తియు సంక్షిప్తమే. అయితే అది సంఖ్యల ధర్మము నెరిగి పొట్టిదైనది గనుక దాని తీర్పునందు దోషము లేదు. ఆరు చిహ్నములది యంత్రమునకు భారమప్పగించి పొట్టిదైనది గనుక పెద్దసంఖ్యల యెడ తప్పినది. సంఖ్యను కంటితో చూచి దాని గుణమును గుర్తించు నేర్పు మన విద్యాలయములనుండి జారిపోవుట నా దృష్టిలో నిజమైన నష్టము. దానిని మరల తెచ్చుకొనుటకు ఒక్క దినపు పాఠము చాలును. ఉపాధ్యాయులు పిల్లలచే ఆ పాఠము చదివింపవలెనని వేడుకొనుచున్నాను. వర్గసంఖ్యలకు ఉండదగిన తుది జంటలు నూటిలో 22 మాత్రమే: 00, 01, 04, 09, 16, 21, 24, 25, 29, 36, 41, 44, 49, 56, 61, 64, 69, 76, 81, 84, 89, 96.